పొరుగువాడికి బాకీ ఉన్న నిజం: ప్యూరిటన్ల నిబంధనా వేదాంతం వదంతుల గురించి ఏమి చెప్పింది?

"నేను రాసింది కాదు. వచ్చింది, పంపాను." ఒక వార్త అబద్ధమని తేలినప్పుడు దాన్ని పంచినవారిలో ఎక్కువమంది చెప్పే సమాధానం ఇదే. విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే వినిపిస్తుంది. ఎక్కడో ప్రార్థన మందిరాన్ని కూల్చారంటూ ఒక పాత ఫొటో, పేరున్న ఒక నటుడు బాప్తిస్మం తీసుకున్నాడంటూ ఒక వీడియో, ఒక అద్భుత స్వస్థత కథ. పంపినవారిలో దురుద్దేశం ఉండదు, అబద్ధమాడామన్న స్పృహ కూడా ఉండదు. తెలిసి, కావాలని, సొంత నోటితో చెప్పినదే అబద్ధమని మన లెక్క.

17వ శతాబ్దంలో ఇంగ్లండులోనూ, అక్కడి నుంచి అమెరికాకు వలసపోయినవారిలోనూ ప్యూరిటన్లు అనే క్రైస్తవులు ఈ లెక్కను ఒప్పుకోలేదు. మోసుకెళ్లినవాడూ, విని నమ్మినవాడూ, తెలిసి మౌనంగా ఉన్నవాడూ అబద్ధంలో పాలుపంచుకున్నవారేనని వాదించారు. ఆ వాదన వారి వేదాంతానికి నడుమున ఉన్న ఒక మాట నుంచి పుట్టింది. ఆ మాట నిబంధన. అదే మాట వారిని ఒక ఘోరమైన తప్పులోకి కూడా నడిపించింది. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే విషయం అర్థమవుతుంది.

నిబంధన అంటే షరతు కాదు

తెలుగు పాఠకుడికి మొదటి చిక్కు ఈ పదంతోనే వస్తుంది. వాడుకలో నిబంధన అంటే నియమం, షరతు. "నిబంధనలు వర్తిస్తాయి" అన్న ప్రకటనలు రోజూ చూస్తాం. బైబిలు తెలుగులో అర్థం వేరు. పాత నిబంధన, కొత్త నిబంధన అన్నప్పుడు అది ప్రమాణంతో ముడిపడిన బంధం.

ఇల్లు అద్దెకిచ్చే ఒప్పందాన్ని, వివాహాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అద్దె ఒప్పందంలో ఇచ్చిపుచ్చుకునేది ఇల్లు, డబ్బు. గడువు తీరితే ఎవరి దారి వారిది. వివాహంలో ఇచ్చిపుచ్చుకునేది మనుషులను. అందులోనూ బాధ్యతలు ఉంటాయి గాని, అవి బంధం నుంచి పుట్టినవి. బైబిలు నిబంధన ఈ రెండో కోవకు చెందుతుంది.

ప్యూరిటన్లు అన్నది మొదట ఎగతాళిగా పెట్టిన పేరు. 1560లలో, ఎలిజబెత్ రాణి కాలంలో, ఇంగ్లండు సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టినవారిని అలా పిలిచారు. కేంబ్రిడ్జిలో బోధించిన విలియం పెర్కిన్స్, ఆయన శిష్యుడు విలియం ఏమ్స్ వంటివారు బైబిలు మొత్తాన్ని నిబంధన అనే దారంతో గుచ్చి చూపారు. 1646లో పూర్తయిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన ఏడో అధ్యాయం ఆ ఆలోచనకు స్థిరమైన రూపం ఇచ్చింది. దేవుడు ఆదాముతో చేసినది క్రియల నిబంధన: విధేయత చూపితే జీవం. ఆదాము దాన్ని మీరాడు. ఆ తర్వాత క్రీస్తు ద్వారా పాపులకు ఇచ్చినది కృపా నిబంధన: విశ్వాసం ద్వారా రక్షణ.

ఇది పరలోకానికి సంబంధించిన సిద్ధాంతంగానే ఆగిపోలేదు. దేవుడు మనుషులతో నిబంధన చేసుకుంటే, ఆయన మనుషులు ఒకరితో ఒకరు నిబంధన చేసుకోవాలి కదా అని వారు అనుకున్నారు. 1629లో మసాచుసెట్స్‌లోని సేలంలో విశ్వాసులు దేవునితోనూ ఒకరితో ఒకరూ నిబంధన చేసుకుని సంఘంగా ఏర్పడ్డారు. మరుసటి ఏడాది వలస వచ్చిన జాన్ విన్‌త్రాప్ అనే నాయకుడు తన వలస మొత్తాన్నే దేవునితో చేసుకున్న నిబంధనగా వర్ణించాడు. 1643లో ఇంగ్లండు పార్లమెంటు, స్కాట్లండు కలిసి యుద్ధకాలపు ఒప్పందాన్ని కూడా నిబంధన పేరుతోనే చేసుకున్నాయి.

నిజం ఎందుకు బాకీ అవుతుంది?

హీబ్రూలో "ఎమెత్" అనే పదానికి సత్యం అనీ అర్థం, నమ్మకత్వం అనీ అర్థం. ఆ భాషలో నిజం చెప్పడం, మాట నిలబెట్టుకోవడం ఒకే వేరు నుంచి మొలిచినవి. మన తెలుగు బైబిలు "కృపాసత్యములు" అని రెండింటినీ ఒక్క సమాసంలో బిగించినప్పుడు ఆ జంట అందం కొంత నిలిచింది. నిబంధన చేసిన దేవుడు తీతు పత్రిక మాటల్లో "అబద్ధమాడనేరని దేవుడు". ఆయన మాట తప్పితే నిబంధనే ఉండదు.

ఏదెను తోటలో మొదటి నిబంధన తెగింది కూడా ఒక వక్రీకరించిన వార్తతోనే. ఒక్క చెట్టు వద్దన్న ఆజ్ఞను సర్పం ఏ చెట్టు పండూ తినకూడదన్నాడా అని తిరగేసి అడిగింది. దేవుని మాటను కొద్దిగా మార్చి, ప్రశ్న రూపంలో పెట్టింది.

ఇక మనుషుల మధ్య సంగతి. "మనము ఒకరికొకరము అవయవములై యున్నాము గనుక" పొరుగువానితో సత్యమే మాట్లాడమని ఎఫెసీ పత్రిక చెబుతుంది. ఇందులో ఆ "గనుక"ను గమనించాలి. నిజం చెప్పాల్సిన కారణం నా సొంత నిజాయితీ కాదు, నీకూ నాకూ ఉన్న బంధం. కన్ను కాలికి గుంత కనిపించలేదని చెబితే పడేది శరీరమంతా. ఈ చూపుతో చూస్తే నిజం నేను పొరుగువాడికి ఇవ్వవలసిన బాకీ. పొరపాటున ఇవ్వకపోయినా బాకీ బాకీగానే ఉంటుంది. "నేను కావాలని చేయలేదు" అన్నది శిక్షను తగ్గించవచ్చు గాని అప్పు తీర్చదు.

కరపత్రాల వరదలో రాసిన ప్రశ్నోత్తరి

వెస్ట్‌మిన్‌స్టర్‌లో వేదాంత పండితులు 1643లో సమావేశమయ్యేనాటికి లండన్‌లో అచ్చు మీద అదుపు సడలిపోయింది. 1641లో స్టార్ ఛాంబర్ అనే న్యాయస్థానం రద్దయింది, పాత సెన్సారు వ్యవస్థ కూలింది. జార్జ్ థామసన్ అనే పుస్తకాల వ్యాపారి 1640 నుంచి 1661 వరకు సుమారు 22,000 కరపత్రాలు, వార్తాపత్రికలు, పుస్తకాలు సేకరించాడంటే ఆ వరదను ఊహించుకోవచ్చు. 1641లో ఐర్లండులో తిరుగుబాటు జరిగి ప్రొటెస్టెంట్లు హత్యకు గురయ్యారు. అది నిజం. కానీ కరపత్రాల్లో ఆ సంఖ్య లక్షన్నర దాటింది. నేటి చరిత్రకారులు చెప్పేది కొన్ని వేలు. ఆ అంకెలను నమ్మి, పంచి, వాటి ఆవేశంతో యుద్ధానికి కదిలినవారిలో ప్యూరిటన్లూ ఉన్నారు.

ఆ వాతావరణంలో, 1647లో, విశ్వాసాన్ని ప్రశ్న, జవాబుల రూపంలో నేర్పే వెస్ట్‌మిన్‌స్టర్ పెద్ద ప్రశ్నోత్తరి 196 ప్రశ్నలతో పూర్తయింది. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞకు అందులో 143 నుంచి 145 వరకు మూడు ప్రశ్నలు ఉన్నాయి. 145వ జవాబు ఊపిరాడనంత పొడవైన ఒకే వాక్యం. దొంగ సాక్ష్యం ఎలాగూ ఉంది. దానితోపాటు వదంతులు లేపడం, చెడు కబుర్లను ఆదరించి స్వీకరించడం, న్యాయమైన సమాధానం వినకుండా చెవులు మూసుకోవడం, న్యాయం కోసం నోరు విప్పాల్సిన చోట మౌనంగా ఉండడం, నిజాన్నే దురుద్దేశంతో చెప్పడం, నిజాన్ని తప్పుడు అర్థం వైపు తిప్పడం కూడా నేరాలే. 144వ జవాబు మరో మెట్టు ఎక్కుతుంది: పొరుగువాడి గురించి మంచి కబురు త్వరగా నమ్మాలి, చెడు కబురు నమ్మడానికి వెనకాడాలి.

ఈ ఆజ్ఞ లెక్కలో తెలుగు క్రైస్తవులకు చిన్న తికమక ఉంటుంది. ప్యూరిటన్లు దీన్ని తొమ్మిదో ఆజ్ఞ అంటారు. కతోలికులు, గుంటూరు వంటి చోట్ల బలంగా ఉన్న లూథరన్లు ఎనిమిదోది అంటారు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి కూడా పొరుగువాడి పనులకు మంచి అర్థమే చెప్పమంటుంది. కాబట్టి ఈ బోధ ప్యూరిటన్ల సొంత ఆస్తి కాదు. అలాగని వారి వారసత్వం మనకు పరాయిదీ కాదు. 1805లో విశాఖపట్నం చేరి తెలుగు బైబిలు అనువాదం మొదలుపెట్టిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చారు. ఆ సొసైటీకి ప్రధాన ఆధారం ప్యూరిటన్ల వారసులైన స్వతంత్ర సంఘాలే.

నలుగురు మనుషులు, ఒక ఫొటో

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక గ్రామంలో ప్రార్థన మందిరం రేకులు ఎగిరిపోయి, గోడ ఒరిగిన ఫొటో ఒకటి గ్రూపులోకి వచ్చింది. "చూడండి, మన మందిరానికి ఏ గతి పట్టిందో" అని ఒకరు రాశారు. ఫొటో కల్పితం కాదు. మందిరం దెబ్బతిన్న మాట నిజం. కానీ అది నాలుగేళ్ల కిందటి గాలివాన పని. పంపినవారు ఒక్క అబద్ధపు మాట కూడా రాయలేదు. అయినా ప్రశ్నోత్తరి లెక్కలో అది నిజాన్ని తప్పుడు అర్థం వైపు తిప్పడమే.

రెండో వ్యక్తి "ఆ ఊరివాళ్లు అలాంటివాళ్లే, నిప్పు లేనిదే పొగ రాదు" అన్నారు. అది చెడు కబురును ఆదరించడం. మూడో వ్యక్తి గ్రూపు నిర్వాహకుడు. ఎవరో "ఇది పాత ఫొటో" అని చెప్పబోతే విశ్వాసం లేనివాడివని వారిని గ్రూపు నుంచి తీసేశారు. అది న్యాయమైన సమాధానానికి చెవులు మూసుకోవడం. నాలుగో వ్యక్తి సంఘ పెద్ద. ఆయనకు గాలివాన సంగతి తెలుసు, గొడవ ఎందుకని ఊరుకున్నారు. అది తగని మౌనం.

నలుగురిలో ఒక్కరూ మన సాధారణ అర్థంలో అబద్ధం ఆడలేదు. నలుగురూ కలిసి ఒక ఊరి మీద అబద్ధసాక్ష్యం పలికారు. వదంతిని ఒక గుంపు చేసే పనిగా చూసే ఈ చూపు నన్ను బాగా ఆకట్టుకుంటుంది. అబద్ధాన్ని ఒక వ్యక్తి గుండెలో వెతికే నీతిశాస్త్రానికి ఈ నలుగురూ దొరకరు.

నిజం ఎవరికి బాకీ? అసలు తగాదా ఇక్కడే

బాకీ అన్నాక ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది. దీని మీద ఆ కాలంలోనే గట్టి వాదాలు నడిచాయి.

ఇంగ్లండులో 1585 చట్టం ప్రకారం విదేశాల్లో దీక్ష పొందిన కతోలిక గురువు దేశంలో ఉండడమే రాజద్రోహం. అతనికి ఆశ్రయం ఇచ్చినవారికీ మరణశిక్ష పడవచ్చు. ఆ గతిలో కొందరు గురువులు ఒక మార్గం చెప్పారు. ఇంట్లో గురువు ఉన్నాడా అని అధికారి అడిగితే "లేడు" అని పైకి చెప్పి, "నీకు చెప్పవలసినవాడెవడూ లేడు" అని మనసులో పూరించుకోవచ్చు. 1606లో మరణశిక్ష పొందిన హెన్రీ గార్నెట్ ఈ వాదానికి ప్రసిద్ధుడు. ప్రాణాలు కాపాడాల్సిన అవసరం నిజమైనదే. ప్యూరిటన్ల జవాబు కూడా బలమైనదే: మాట చెప్పేవాడి ఒక్కడి సొత్తు కాదు, వినేవాడికీ అందులో వాటా ఉంది. అందుకే వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన 22వ అధ్యాయం ప్రమాణంలోని మాటలను అందరికీ తెలిసిన మామూలు అర్థంలోనే చెప్పాలని, మనసులో వేరే అర్థం దాచుకోకూడదని కట్టడి చేసింది. శీర్షిక చివర ప్రశ్నార్థకం తగిలించి నింద మోపి, "మేము అడిగాం, అనలేదు" అని తప్పించుకునే నేటి పద్ధతికీ ఈ జవాబు తగులుతుంది.

ప్రమాణాలే చేయని క్వేకర్లు అనే క్రైస్తవ వర్గం అభ్యంతరం దీనికి పూర్తిగా అవతలి వైపు నుంచి వచ్చింది. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని యేసు చెప్పాక అసలు ప్రమాణమే ఎందుకు? ప్రమాణం చేసినప్పుడే నిజం చెబుతానంటే మిగతా సమయంలో చెప్పనవసరం లేదనేగా? ఈ ప్రశ్నకు ప్యూరిటన్లు ఇచ్చిన సమాధానాలు నాకు పూర్తి తృప్తినివ్వవు.

అన్నిటికంటే చిక్కు బైబిలులోని యెరికో స్త్రీ రాహాబు కథలో ఉంది. ఇశ్రాయేలు వేగులవారిని దాచి, వారు వెళ్లిపోయారని ఆమె అబద్ధం చెప్పింది. ప్రాచీన సంఘ పండితుడు ఆగస్టీను ఏ అబద్ధమూ తగదన్నాడు. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ ఆమె విశ్వాసాన్ని మెచ్చి అబద్ధాన్ని తప్పుపట్టాడు. ప్యూరిటన్లలో ఎక్కువమంది దాచిపెట్టడం వేరు, అబద్ధమాడడం వేరు అనే గీత దగ్గర నిలిచారు. డచ్చి న్యాయవేత్త గ్రోషియస్ 1625లో మరో దారి చూపాడు: అబద్ధం వినేవాడి హక్కును భంగపరచడం గనుక, ఆ హక్కు లేని శత్రువు విషయంలో లెక్క మారుతుంది. నిజం బాకీ అన్న మాటే ఈ తలుపును కొంత తెరుస్తుందని ఒప్పుకోవాలి. బాకీ లేనివాడికి చెల్లించనక్కరలేదు కదా.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకోకుండా 22వ అధ్యాయమే అడ్డుగడియ వేసింది: మతభ్రష్టులకు, అవిశ్వాసులకు చేసిన ప్రమాణాన్ని కూడా తప్పకూడదు. దానికి ఆధారం యెహోషువ గ్రంథంలోని గిబియోనీయులు. మోసం చేసి నిబంధన చేయించుకున్నారు, అయినా ఇశ్రాయేలు దానికి కట్టుబడింది. కాగితం మీద ఇది గొప్ప నియమం. ఆచరణలో నిబంధన అనే గీత లోపలివాళ్లను, బయటివాళ్లను విడదీసింది. 1660లో బోస్టన్‌లో క్వేకరు స్త్రీ మేరీ డయ్యర్‌ను ఉరితీసింది ఈ నిబంధన ప్రజలే.

చట్టంతో అబద్ధాన్ని ఆపవచ్చా అన్న తగాదా కూడా అప్పటిదే. 1648లో అచ్చయిన మసాచుసెట్స్ చట్టాల గ్రంథం 14 ఏళ్లు దాటినవారెవరైనా తెలిసి అబద్ధపు వార్తలతో ప్రజలను మోసం చేస్తే జరిమానా లేదా బొండకొయ్య అని రాసింది. దానికి నాలుగేళ్ల ముందే, 1644లో, పార్లమెంటు తిరిగి తెచ్చిన ముద్రణ అనుమతుల విధానాన్ని కవి జాన్ మిల్టన్ ఎదిరించాడు. సత్యాన్ని అసత్యంతో తలపడనివ్వండి, సత్యం ఓడదన్నాడు. ఒకే శిబిరం మనుషులు రెండు దారులు పట్టారు. 2018లో మన దేశంలో పిల్లల దొంగల వదంతులకు అమాయకులు బలయ్యాక వాట్సాప్ ఫార్వర్డులను ఐదింటికి కుదించింది. చట్టమా, స్వేచ్ఛా, యంత్రానికే పగ్గమా అన్న ప్రశ్న ఇప్పటికీ తెగలేదు.

సేలం: నిబంధనే వదంతికి అచ్చు అయినప్పుడు

1692లో సేలం గ్రామంలో కొందరు బాలికలు వింత మూర్ఛలతో బాధపడ్డారు. తమను మంత్రగత్తెలు హింసిస్తున్నారని చెప్పారు. ఇక్కడ నిబంధనా వేదాంతం తన చీకటి ముఖం చూపింది. మంత్రగత్తె అంటే సాతానుతో నిబంధన చేసుకున్న మనిషి అని విలియం పెర్కిన్స్ ఏనాడో నిర్వచించాడు. నాలుకను ఎలా అదుపులో పెట్టుకోవాలో పుస్తకం రాసినదీ ఆయనే. దేవుని నిబంధనకు సంఘంలో సంతకాలు ఉన్నట్టే సాతానుకూ ఒక పుస్తకం ఉందని జనం నమ్మారు. మొదట నేరం ఒప్పుకున్న టిటూబా అనే బానిస స్త్రీ ఆ పుస్తకంలో తొమ్మిది గుర్తులు చూశానంది. ఇక మిగతావారెవరో వెతకడం మొదలైంది.

కోర్టు అంగీకరించిన సాక్ష్యాల్లో ఒకటి ఛాయారూప సాక్ష్యం. నిందితురాలు తన ఇంట్లో ఉన్నా, ఆమె ఆకారం వచ్చి తనను గిల్లిందని బాధితురాలు చెబితే దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఆకారం మరొకరికి కనబడదు, సరిచూసుకునే దారి లేదు. 19 మందిని ఉరితీశారు. నేరం ఒప్పుకోలేదు, కాదనలేదు అన్న కారణాన జైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి బండల కింద అదిమి చంపారు. ఒప్పుకుని ఆ మాట మీదే నిలిచినవారిలో ఒక్కరినీ ఉరితీయలేదు. అంటే అబద్ధమాడితే బతుకు, నిజం చెబితే ఉరి.

మేరీ ఈస్టీ రెండోదాన్ని ఎంచుకుంది. తన ప్రాణం కోసం కాదు, ఇంకెవరి నిర్దోష రక్తమూ చిందకూడదని అడుగుతున్నానంటూ ఆమె న్యాయమూర్తులకు విన్నపం రాసింది. నా ఆత్మ మీద నేనే అబద్ధం చెప్పలేను, ఆ సాహసం చేయలేను అన్నది. సెప్టెంబరు 22న ఆమెను ఉరితీశారు. తొమ్మిదో ఆజ్ఞను ఆ కోర్టులో ఎవరు పాటించారో దీనికంటే స్పష్టంగా చెప్పలేం.

అక్టోబరులో బోస్టన్ బోధకుడు ఇంక్రీజ్ మాథర్ ఛాయారూప సాక్ష్యాన్ని వేదాంతంతోనే ఖండించాడు. సాతాను నిర్దోషి రూపాన్నీ ధరించగలడు, కాబట్టి రూపం కనబడడం దేన్నీ రుజువు చేయదు. ఒక నిర్దోషికి శిక్ష పడడం కంటే పదిమంది అనుమానితులు తప్పించుకోవడమే మేలన్నాడు. ఎవరి ముఖాన్నైనా, గొంతునైనా కంప్యూటర్ పుట్టించగల ఈ కాలంలో ఆ వాదనలోని తర్కం మనకు సులువుగానే అందుతుంది. ఆ నెలాఖరుకే గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు.

ఈ ఘటనను చదివేవారు రెండు వర్గాలు. భయాన్ని పుట్టించింది నిబంధనా వేదాంతమే అంటారు కొందరు. సరిహద్దు యుద్ధాలు, ఊరి తగాదాలు, భూమి పంచాయితీలు అసలు కారణాలని, వేదాంతం వాటికి భాషను మాత్రమే ఇచ్చిందని మరికొందరి వాదన. నాకు రెండో మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. కానీ భాష ఇవ్వడం చిన్న పని కాదు. ఆ భాష లేకుంటే ఆ తగాదాలు ఉరికొయ్య దాకా వెళ్లేవా అన్న అనుమానం మిగులుతుంది.

చెప్పినచోటే వెనక్కి తీసుకోవడం

సేలం తర్వాత జరిగినదాన్ని చాలామంది చదవరు. 1697 జనవరి 14న, ఉపవాస దినాన, ఆ కోర్టు న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ సూయల్ బోస్టన్‌లోని తన సంఘంలో లేచి నిలబడ్డాడు. నింద, సిగ్గు తానే మోస్తానన్న ఆయన చీటీని బోధకుడు అందరి ముందూ చదివాడు. జ్యూరీలో కూర్చున్న పన్నెండు మంది కూడా తమ తప్పు ఒప్పుకుంటూ సంతకాలు చేశారు.

1706లో ఆన్ పట్నం వంతు వచ్చింది. 1692లో ఎక్కువమందిని నిందించిన బాలికల్లో ఆమె ఒకరు. సంఘ సభ్యత్వం కోరి, అంటే నిబంధనలో చేరాలని, ఆమె సేలం గ్రామ సంఘం ముందు నిలబడింది. బోధకుడు జోసెఫ్ గ్రీన్ ఆమె ఒప్పుకోలును చదివి వినిపించాడు. కోపంతోనో పగతోనో చేయలేదని, సాతాను భ్రమలో పడ్డానని అందులో ఉంది. అది పూర్తి పశ్చాత్తాపమా, సాతాను మీదికి నెట్టడమా అని నేటికీ చర్చ ఉంది. నిబంధనలోకి అడుగు పెట్టాలంటే మొదట పొరుగువాడి పేరు తిరిగి ఇవ్వాలన్న క్రమం మాత్రం అక్కడ కనబడుతుంది.

ఆమె నిందించినవారిలో మేరీ ఈస్టీ అక్క రెబెకా నర్స్ ఒకరు. డెబ్భై దాటిన ఆ వృద్ధురాలి మంచితనానికి సాక్ష్యంగా ఇరుగుపొరుగువారు 39 మంది సంతకాలు చేసి ఇచ్చారు. జ్యూరీ కూడా మొదట నిర్దోషి అన్నది, తర్వాత మాట మార్చింది. ఉరికి ముందు ఆమె సంఘం ఆమెను వెలివేసింది. 1712లో అదే సంఘం తన పుస్తకం తెరిచి, ఆమె పిల్లలకు ఇక అది దుఃఖకారణం కాకూడదంటూ ఆ వెలివేత మాటలను కొట్టివేసింది.